డూప్లికేటే సార్

మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా బతికేవాడికి డాక్టర్ల ముఖాల కంటే చేతులే ఎక్కువ గుర్తుంటాయి. విజయ్‌కుమార్ కూడా అంతే. బొమ్మల ఫోల్డరు తెరిచి కొత్త మాత్ర గొప్పతనాన్ని గడగడా అప్పజెబుతున్నంతసేపూ అతని చూపు డాక్టరు చేతుల మీదే ఉండేది. కుడి చెయ్యి ఏ మందు పేరు రాస్తుందోనని ఆశ. చీటీ కదలకుండా అదిమిపట్టిన ఎడమ చేతికి వాచీ. డాక్టరు తలెత్తి విజయ్‌కుమార్‌ను చూసిన రోజులు తక్కువ గాని, ఆ వాచీని చూసుకోని రోజు లేదు. "టూ మినిట్స్" అనేవాడు. ఆ రెండు నిమిషాలు కాకముందే మళ్లీ చూసుకునేవాడు. ఆ కాస్త సమయం కోసం విజయ్‌కుమార్ పేషెంట్లంతా అయిపోయేదాకా బయట గోడకానుకుని నిలబడాలి. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు. కూర్చుంటే కాంపౌండరు వచ్చి లేపేవాడు.

అట్లా నిలబడి నిలబడే అతని సగం వయసు గడిచిపోయింది. తండ్రి వెంకటరాజం వరంగల్ కొత్తవాడలో షావుకారు మగ్గాల మీద జంపఖానాలు నేసేవాడు. కాళ్లు గుంటలో, నడుము వంచి, రోజంతా కూర్చునే పని. కొడుకు డిగ్రీ పాసై, టై కట్టుకుని, బ్యాగు పట్టుకుని మొదటిరోజు మట్టెవాడ ఇంట్లోంచి బయటికి నడిచినప్పుడు వెంకటరాజం వీధి మలుపుదాకా వెంట వెళ్లి, "నా కొడుకు డాక్టర్లతోని మాట్లాడే నౌకరి చేస్తాండు" అని కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆ నౌకరి అంతా నిలబడే చేయాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కొడుకూ చెప్పలేదు.

చూసి చూసి విజయ్‌కుమార్‌కు వాచీల మీద మోజు పుట్టింది. గుండె డాక్టరు కట్టుకునేది ఏ కంపెనీదో, పిల్లల డాక్టరుకు పెళ్లిలో మామగారు పెట్టింది ఏదో, ఎముకల డాక్టరు ఓంప్రకాశ్ నెలనెలా ఎందుకు మారుస్తాడో అన్నీ అతనికి తెలుసు. వరండాలో నిలబడి ఫోనులో వాటి గురించి చదివేవాడు. బ్యాటరీ లేకుండా, చెయ్యి కదిలితే చాలు దానంతట అదే నడిచే యంత్రం. వెనక అద్దంలోంచి చూస్తే లోపల బంగారు రంగు చక్రం ఊగుతూ కనిపిస్తుంది. అట్లాంటి వాటిలో నీలం డయలున్న ఒక స్విస్ వాచీ అతని మనసులో తిష్ట వేసింది. సినిమా హీరోల ఫొటోలు దాచుకునే వయసులో కూడా అతను ఏ ఫొటో దాచుకోలేదు. ఈ వాచీ ఫొటోలు మాత్రం ఫోనులో బోలెడు దాచుకున్నాడు.

ఏరియా మేనేజరుగా ప్రమోషన్ వచ్చినప్పుడు ఒకసారి హైదరాబాద్ షోరూముకు వెళ్లాడు. కాపలావాడు తలుపు తీశాడు, లోపల చల్లగా ఉంది. కౌంటరు వెనక అమ్మాయి అతని బూట్లు, బ్యాగు చూసి, "సార్, ఏదైనా అమ్మడానికి వచ్చారా? మా మేనేజరు గారు లేరు" అంది. వాచీ కోసం వచ్చానని చెబితే సారీ చెప్పింది గాని, ధర విని సారీ చెప్పుకోవాల్సిన వంతు అతనిదైంది. ఐదు లక్షలు దాటింది. పైగా పేరు రాయించుకుని ఎదురుచూడాలట. దానికీ ఎదురుచూడటమేనా అనుకుంటూ బయటికి వచ్చాడు.

ఆ తర్వాతే అతనికి ఆన్‌లైన్ డీలర్ల లోకం తెలిసింది. విదేశాల్లో దుకాణాల్లో మిగిలిపోయిన అసలు సరుకును కొని, కంపెనీకి తెలియకుండా తక్కువకు అమ్మేవాళ్లు వీళ్లు. దొంగ సరుకు కాదు, నకిలీ అంతకన్నా కాదు. కాకపోతే కంపెనీ వారంటీ ఉండదు, మన పేరు మీద బిల్లు ఉండదు, కార్డు మీద ఎక్కడో సింగపూరో దుబాయో దుకాణం ముద్ర ఉంటుంది, కొన్నవాడి పేరు దగ్గర ఖాళీ ఉంటుంది. ఫోనులో ఒక గ్రూపులో చేరి విజయ్‌కుమార్ ఏడాదిపాటు ఊరికే చూస్తూ కూర్చున్నాడు. ఎవరు నమ్మకస్తులో, ఎవరు డబ్బు మింగి మాయమయ్యారో గమనించాడు. చివరికి ముంబయిలో ఒక డీలరును పట్టుకున్నాడు. షోరూము ధరలో మూడో వంతుకు పైగా తగ్గించి, నీలం డయలు వాచీ ఇస్తానన్నాడు. వీడియో కాల్‌లో వాచీ వెనక అద్దం, నంబరు, ముళ్ల నడక అన్నీ చూపించాడు. డబ్బు మాత్రం సూరత్‌లో ఎవరిదో ఖాతాలో వేయమన్నాడు.

ఆ డబ్బు విజయ్‌కుమార్‌దే. మూడేళ్ల ఇన్సెంటివ్‌లు. జీతం వచ్చే ఖాతాలో కాకుండా వేరే ఖాతాలో పెట్టుకున్నాడు. భార్య మహితకు ఆ ఖాతా సంగతి తెలియదు. ఆమె ఇంట్లోనే జాకెట్లకు మగ్గం వర్కు చేస్తుంది. పెళ్లిళ్ల సీజనులో మెడ పట్టేసి, కళ్ల వెంట నీళ్లు కారేదాకా పూసలు కుడుతుంది. కంప్యూటర్ మీద ఎంబ్రాయిడరీ చేసే మిషను కొందామని రెండుసార్లు అడిగింది. "వచ్చే యేడు చూద్దాం తియ్" అన్నాడు. అది అబద్ధమని అతనికి తెలుసు. కానీ తన బతుకులో ఒక్కటి, ఒక్క వస్తువు, ఎవరినీ అడగకుండా, ఎవరికీ లెక్క చెప్పకుండా కొనుక్కోవాలని ఆశ. ఆ ఆశ ముందు ఆ అబద్ధం చిన్నదిగా కనిపించింది.

డీలరు మాట తప్పలేదు. చెప్పిన రోజుకు హైదరాబాద్‌కు ఒక మనిషి చేతికిచ్చి పంపాడు. ఈ కథలో ఎవరినీ మోసం చేయనివాడు ఎవరన్నా ఉంటే అతనొక్కడే. వరంగల్‌కు తిరిగి వచ్చే రైల్లో విజయ్‌కుమార్ డబ్బా తెరిచి చేతికి కట్టుకున్నాడు. బరువుగా, చల్లగా ఉంది. కాసేపట్లో ఒంటి వేడికి వెచ్చబడింది. కాజీపేట వచ్చేదాకా అతను కిటికీలోంచి బయటికి చూడలేదు.

ఇంట్లో మహిత చూడగానే అడిగింది.

"ఎక్కడిది వాచీ? కొత్తదా?"

"ఆఁ. డూప్లికేటే. రెండు వేలు."

"మంచిగున్నది. అసలుదాని లెక్కనే ఉన్నది" అని ఆమె చేయి పట్టుకుని తిప్పి చూసింది.

మంచం మీద కూర్చున్న వెంకటరాజం మాత్రం ఊరుకోలేదు. "రెండు వేలా! ఫోన్ల టైం కనిపిస్తలేదా నీకు? పైసలు చేదైనయారా?" అన్నాడు.

విజయ్‌కుమార్ నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం గర్వం కూడా ఉంది. ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి చేతికి కట్టుకుని తిరగడంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖం పట్టుమని పది రోజులు కూడా ఉండలేదు.

హన్మకొండలో ఒక హోటల్లో వాళ్ల కంపెనీ డాక్టర్లకు సదస్సు పెట్టింది. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద డాక్టరు ఎముకల అరుగుదల గురించి మాట్లాడటం, తర్వాత భోజనాలు. ఏర్పాట్లన్నీ విజయ్‌కుమార్‌వే. ఆ రోజు అతను కావాలనే చొక్కా చేతులు ఒక మడత పైకి మడిచాడు. భోజనాల దగ్గర డాక్టర్ ఓంప్రకాశ్ ప్లేటు పట్టుకుని నలుగురు డాక్టర్లతో నిలబడి ఉన్నాడు. విజయ్‌కుమార్ నీళ్ల సీసా అందించబోతే, సీసా మీద పడాల్సిన ఆయన చూపు చేతి మీద పడింది.

"ఏంది విజయ్, మస్తు మాల్ పెట్టినవ్ చేతికి! ఫస్ట్ కాపీనా?"

"కాదు సార్. ఒరిజినల్."

ఆ మాట ఎంత మెల్లగా అన్నా నలుగురికీ వినపడింది. ఓంప్రకాశ్ అందరి ముఖాలూ చూసి, పకపకా నవ్వాడు.

"ఒరిజినల్ అంటాండు! గిది ఒరిజినలైతే రేపటి సంది నేను నీ బ్యాగు మోస్తా, నువ్వు ఆపరేషన్లు చెయ్యి."

అందరూ నవ్వారు. పక్కనున్న లేడీ డాక్టరు దగ్గరికి వచ్చి చూసి, "నీట్‌గ చేసిండ్రు, అస్సలు గుర్తుపట్టలేం" అంది. "నాకొకటి తెప్పియ్యవయ్యా. ఎక్కడ దొరుకుతానయ్ ఇవి, చార్మినార్ కాడనా?" అన్నాడు ఓంప్రకాశ్.

డాక్టరు నవ్వితే నవ్వడం విజయ్‌కుమార్‌కు ఏళ్ల నుంచి అలవాటు. ఇప్పుడూ నవ్వాడు. నవ్వుతూనే నీళ్ల సీసా మూత తిప్పి ఇచ్చాడు. అతని కింద పనిచేసే కుర్ర రిప్రజెంటేటివ్ మహిపాల్ అప్పుడే ఫొటో తీశాడు. డాక్టర్ల మధ్యలో విజయ్‌కుమార్, చేతికి నీలం డయలు. ఆ ఫొటోను "మా అన్న లెవలే వేరు" అని రాసి కంపెనీ గ్రూపులో పెట్టాడు. మహిపాల్ మనసులో ఏ కల్మషమూ లేదు. అన్న మీద ప్రేమతోనే పెట్టాడు.

విజయ్‌కుమార్ ఆ నవ్వును మింగలేకపోయాడు. అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది. డాక్టరు చేతికుంటే పదివేలదైనా లక్షలదనుకుంటారు. తన చేతికి లక్షలది ఉన్నా చార్మినార్ సరుకే అవుతుంది. చెయ్యి మారితే వస్తువు మారుతుందా? అట్లా రగిలి రగిలి, తర్వాతి శనివారం సెలవు పెట్టి హైదరాబాద్‌లో ఆ కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లాడు. అక్కడి కుర్రవాడు కంటికి భూతద్దం పెట్టుకుని, నంబరు కంప్యూటర్లో కొట్టి చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చాడు.

"మా వాచీనే సార్. కండిషన్ బాగుంది."

"ఆ మాటే కాగితం మీద రాసిస్తారా?"

"అట్లా రాసివ్వం సార్. కార్డు మీద మీ పేరు లేదు. ఇది ఇండియాలో అమ్మిన పీసు కాదు. రిపేరుకు వస్తే డబ్బులు తీసుకుని చేస్తాం, అంతే."

"రాయొద్దు. ఒక్కసారి ఒకరికి ఫోన్లో చెప్తారా?"

కుర్రవాడు జాలిగా చూశాడు. "ఎవరికి సార్?"

ఎవరికని చెప్పాలి? ఎముకల డాక్టరుకు ఫోను చేసి, మీరు నవ్విన వాచీ అసలుదేనని చెప్పించాలా? విజయ్‌కుమార్‌కు తన మీద తనకే సిగ్గేసింది. థాంక్స్ చెప్పి వచ్చేశాడు.

రీజనల్ మేనేజరు రాంచందర్ సోమవారం పొద్దున రైలు దిగి, స్టేషను దగ్గరి హోటల్లో కూర్చుని అతనికి ఫోను చేశాడు. ముందుగా చెప్పకుండా రావడం ఆయనకు అలవాటు లేదు. విజయ్‌కుమార్ వెళ్లేసరికి ఆయన ముందు ఇడ్లీ ప్లేటు, పక్కన ఫోనులో మహిపాల్ తీసిన ఫొటో ఉన్నాయి.

"కూర్చో విజయ్. నేను చెప్పేది కోపం చేసుకోకుండ విను. ఈ ఫొటో ముంబయి ఆఫీసుదాక పోయింది. నీకు తెల్సుగదా, వేరే ఏరియాల ఒకడు డాక్టర్ల సదస్సుల పైసలు మింగిండని ఇప్పుడు అందరి మీద ఎంక్వయిరీ నడుస్తాంది. మీ వరంగల్ మేనేజరు చేతికి ఐదు లక్షల వాచీ ఎట్లొచ్చిందని అడుగుతాండ్రు."

ముంబయిలో ఎవరో దాన్ని అసలుదని గుర్తుపట్టారు. వరంగల్‌లో నవ్వారు, అక్కడ నమ్మారు. నమ్మినవాళ్లు అతన్ని దొంగ అన్నారు.

"నా పైసలతోని కొన్న సార్. నా ఇన్సెంటివ్‌లు. బ్యాంకు స్టేట్‌మెంటు చూపిస్త."

"చూపియ్యి. బిల్లు కూడ చూపియ్యి."

బిల్లు లేదు. స్టేట్‌మెంటు తెరిస్తే సూరత్‌లో ముక్కూ మొహం తెలియని మనిషి ఖాతాకు వెళ్లిన లక్షలు కనిపిస్తాయి. ఆయనెవరని అడిగితే తనకే తెలియదు. సుంకం కట్టారా అని అడిగితే అదీ తెలియదు. తెలియదనడం కూడా అబద్ధమే. కట్టలేదు కాబట్టే తక్కువకు వచ్చింది.

సంగతంతా విని రాంచందర్ ఇడ్లీ పక్కకు నెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. గొడవలంటే గిట్టనివాడు.

"నిన్ను నేను నమ్ముతాన్న. నా నమ్మకంతోని పనైతదా? ఇదంత పైకి రాస్తే నౌకరి పోతది, మీదికెల్లి కస్టమ్స్ కేసు. నా మాట విను. ఆ వాచీ డూప్లికేటని ఒక మెయిల్ పెట్టు. రెండు వేలకు కొన్న, షోకుకు పెట్టుకున్న అని రాయి. నేను కింద ఓకే రాసి పైకి పంపుతా. ఇయ్యాలనే ఫైల్ బందైతది."

"అది ఒరిజినల్ సార్."

"నాకెర్కే. ఎవలకు కావాలె?"

విజయ్‌కుమార్ అక్కడే ఫోనులో మెయిలు రాశాడు. ఇంగ్లీషులో రెండే వాక్యాలు. రాస్తుంటే వాచీ ఉన్న చెయ్యి బల్ల కింద పెట్టుకున్నాడు. ఎవరు చూస్తారనో అతనికే తెలియదు.

అంతటితో అయిపోతే ఏదో ఒక విధంగా సర్దుకునేవాడు. కానీ వచ్చిన రోజు నలుగురు డాక్టర్లను కలవకుండా వెళ్లడం రాంచందర్‌కు నచ్చదు. "పద, ఓంప్రకాశ్ సార్‌ను కలుద్దాం. మన కాల్షియం రాయక నాలుగు నెలలైతాంది" అన్నాడు. విజయ్‌కుమార్ వాచీ తీసి జేబులో వేసుకుందామనుకున్నాడు. ఆయన ముందే తీస్తే ఏమనుకుంటాడోనని ఊరుకున్నాడు. ఆ చిన్న మొహమాటం అతని కొంప ముంచింది.

రీజనల్ మేనేజరు వచ్చాడని ఆ రోజు తొందరగానే లోపలికి పిలిచారు. మాటల్లో మాటగా రాంచందరే ఎత్తుకున్నాడు. డాక్టర్ను నవ్వించడానికి అంతకంటే మంచి సంగతి ఆయన దగ్గర లేదు.

"సార్, మా విజయ్ ఒప్పుకున్నడు. ఆ వాచీ డూప్లికేటేనట."

ఓంప్రకాశ్ బల్ల చరిచాడు. "నేను ఆనాడే చెప్పలే? ఏదీ, ఇటియ్యి, చూద్దాం."

చాపిన చేతిలో వాచీ పెట్టక తప్పలేదు. డాక్టరు తన వాచీ విప్పి పక్కన పెట్టి, దాన్ని కట్టుకుని, చెయ్యి దూరంగా పెట్టి చూసుకున్నాడు. కొంచెం వదులుగా ఉంది గాని, తెల్లటి కోటు పక్కన నీలం డయలు వెలిగింది.

"మంచిగున్నదయ్యా! గిది నాకిడిసిపెట్టు. నువ్వింకోటి తెప్పించుకో."

"సార్... అది... మా ఆవిడ కొనిచ్చింది సార్. జర సెంటిమెంటు."

"డూప్లికేటుకు సెంటిమెంటేందయ్యా!" అని నవ్వి, డాక్టరు సొరుగులోంచి పర్సు తీశాడు. "ఎంత పెట్టినవ్?"

విజయ్‌కుమార్ రాంచందర్ వైపు చూశాడు. రాంచందర్ అతని వైపు చూడటం లేదు, గోడ మీద ఎముకల బొమ్మను చూస్తున్నాడు. మెయిలు వెళ్లి గంట కూడా కాలేదు.

"రెండు వేలు సార్" అన్నాడు విజయ్‌కుమార్.

డాక్టరు నోట్లు తీసేలోగా రాంచందర్ తేరుకుని చేతులు అడ్డం పెట్టాడు. "అయ్యో, మీ దగ్గర పైసలేంది సార్! ఉంచుకోండి. రెండు వేల వస్తువుకు ఏముంది?"

"ఊరికే తీస్కునుడు నాకిష్టం లేదు."

"అట్లయితే మా కాల్షియం జర యాదికి పెట్టుకోండి సార్."

డాక్టరు నవ్వుతూ పర్సు సొరుగులో పడేశాడు. బెల్లు కొట్టి పేషెంటును పిలిచాడు. విజయ్‌కుమార్ బయటికి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. రాంచందర్ అతని భుజం మీద చెయ్యి వేసి, "ఒక తీర్గ మంచిగనే అయింది. వాచీ నీ చేతికి లేకపోతే ఇగ ఎవడడుగుతడు?" అన్నాడు. ఆ మాట ఓదార్పుగానే అన్నాడు.

దొంగకు తేలు కుడితే అరవడానికి నోరు రాదంటారు. ఏ దొంగతనమూ చేయని విజయ్‌కుమార్‌కూ నోరు రాలేదు. ఇంటికి వెళ్లాక మహిత ఖాళీ చెయ్యి చూసి అడిగితే, డాక్టరు అడిగితే ఇచ్చానన్నాడు.

"పోనీ తియ్" అంది మహిత. "రెండు వేలే గద. ఫికర్ చెయ్యకు."

వెంకటరాజం మాత్రం సంతోషించాడు. తన కొడుకు చేతి వాచీ డాక్టరుకు నచ్చిందని, డాక్టరు అడిగి మరీ తీసుకున్నాడని ఆ సాయంత్రం అరుగు మీద నలుగురికీ చెప్పాడు.

ఓంప్రకాశ్ కాల్షియం రాయడం మొదలుపెట్టాడు. విరిగిన చేతికీ రాశాడు, నొప్పి మోకాలికీ రాశాడు. నెల తిరిగేసరికి ఆ దవాఖాన కింది మందుల షాపులో సరుకు చాలలేదు. ఇంతలో ఒకరోజు కాంపౌండరు ఫోను చేసి, సారు రమ్మంటున్నాడని చెప్పాడు. పేషెంట్లు ఇంకా బయటే ఉండగా విజయ్‌కుమార్‌ను లోపలికి పంపారు. డాక్టరు కుర్చీ చూపించి, "కూసో" అన్నాడు. ఆ గదిలో విజయ్‌కుమార్ కూర్చోవడం అదే మొదటిసారి.

వాచీ డాక్టరు చేతికే ఉంది. ఇప్పుడది వదులుగా లేదు.

"మా అల్లుడు గొలుసు చిన్నగ చేయించుకొస్తా అని హైదరాబాద్ షోరూముకు పట్టుకపోయిండు విజయ్. వాళ్లు ఇది ఒరిజినలని చెప్పిండ్రట."

విజయ్‌కుమార్ గుండె ఒక్కసారి పైకి లేచింది. ఎవరో ఒకరు, ఎన్నాళ్లకో ఒకనాడు, ఆ మాట అన్నారు. అన్నది ఎవరైతేనేం! నోరు తెరిచేలోగా డాక్టరే మళ్లీ అందుకున్నాడు. గొంతు మెత్తగా ఉంది, పేషెంటుకు ఆపరేషన్ తప్పదని చెప్పేటప్పటిలా.

"ఒక్క మాటడుగుతా. తెల్సి ఇచ్చినవా, తెల్వక ఇచ్చినవా? తెల్సి ఇస్తే మటుకు నేను ఉంచుకోను. అది లంచమైతది. మీ కంపెనీకి రాసి వాపస్ ఇయ్యాలె. మళ్ల నువ్వు డూప్లికేటని ఎందుకు చెప్పినవో వాళ్లకు నువ్వే చెప్పుకోవాలె. తెల్వక ఇచ్చినవంటే అది వేరే ముచ్చట."

బయట ఎవరిదో పసిపిల్ల ఏడుస్తోంది. కట్టు విప్పుతున్నారేమో. విజయ్‌కుమార్ డాక్టరు ముఖాన్ని నేరుగా చూశాడు. ఇన్నేళ్లూ చేతులే చూశాడు గనుక ఆ ముఖం కొత్తగా కనిపించింది. డాక్టరుకు అంతా తెలుసు. ఏ జవాబు రావాలో కూడా ఆయనే నిర్ణయించి పెట్టాడు. తనకు మిగిలింది దాన్ని పలకడం ఒక్కటే.

"నాకు తెల్వదు సార్. నాకు డూప్లికేటని చెప్పే అమ్మిండ్రు."

డాక్టరు వెనక్కి వాలాడు. "అదృష్టమంటే గిదే మరి! నువ్వేం ఫీల్ గాకు. ఈ ముచ్చట ఇక్కడనే ఉండనీ." తర్వాత, ఏదో గుర్తుకొచ్చినట్టు, "చాయ్ తాగుతవా?" అన్నాడు.

విజయ్‌కుమార్ చాయ్ తాగాడు. తాగకుండా లేచి వచ్చేస్తే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. వాచీ పోయినదానికంటే ఆ చాయ్ తాగినదానికే అతనికి ఎక్కువ బాధ.

ఆ ఆదివారం మధ్యాహ్నం మహిత ముందుగదిలో చట్రానికి బిగించిన జాకెట్టు గుడ్డ మీద పూసలు కుడుతోంది. వెంకటరాజం పక్కింటికి వెళ్లాడు. విజయ్‌కుమార్ ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చెప్పాడు. వేరే ఖాతా, ముంబయి డీలరు, హోటల్లో నవ్వు, మెయిలు, డాక్టరు అడిగిన మాట, తాను చెప్పిన జవాబు. ఆమె చేతిలో సూది ఆగింది.

తిడుతుందనుకున్నాడు. మిషను అడిగితే వచ్చే యేడన్నావు గదా అంటుందనుకున్నాడు. ఆమె అది కూడా అనలేదు.

"డాక్టర్ల కాడ ఒరిజినలని చెప్పినవ్" అంది చివరికి. "వాళ్లు నవ్వుతరని తెల్సి గూడ చెప్పినవ్. నాకెందుకు డూప్లికేటని చెప్పినవ్?"

"నువ్వు ఒర్రుతవని..."

"ఒర్రుదునేమో. ఒర్రి, మళ్ల నీ చెయ్యి పట్టుకుని చూద్దును. నీకు గంత ఇష్టమైందేందో నేను గూడ చూద్దును గద."

అంతే అంది. తర్వాత మళ్లీ సూది అందుకుంది. ఆ వారమే బ్యాంకుకు వెళ్లి తన పేరు మీద వేరే ఖాతా తెరిచింది. కుట్టు డబ్బులు అప్పటి నుంచి అందులోనే వేస్తోంది. ఎంత ఉందో అతనికి చెప్పదు. అతను అడగడు. ఇంట్లో గొడవలేమీ లేవు. ఒకరి కంచంలో ఒకరు వడ్డిస్తారు, పక్కింటి వాళ్ల ముచ్చట్లు చెప్పుకుంటారు. కానీ అతను ఏదైనా చెబుతున్నప్పుడు ఆమె కళ్లు ఒక్క క్షణం అతని ముఖం మీద ఆగుతాయి. ఇది నిజమా, కాదా అని తూచినట్టు. ఆ ఒక్క క్షణం అతనికి ప్రతిసారీ తెలుస్తూనే ఉంటుంది.

ముంబయి డీలరు అప్పుడప్పుడు కొత్త వాచీల ఫొటోలు పంపేవాడు. "సార్, పాత కస్టమరు మీరు, మీకోసం ప్రత్యేకం" అని రాసేవాడు. విజయ్‌కుమార్ ఆ నంబరు తీసేశాడు.

సంవత్సరం చివర కంపెనీ మీటింగులో వరంగల్ ఏరియా మొదటి స్థానంలో నిలిచింది. రాంచందర్ వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు. "డాక్టర్లతోని రిలేషన్ ఎట్ల పెంచుకోవాల్నో విజయ్ దగ్గర నేర్చుకోండి" అని మైకులో చెప్పాడు. అందరికంటే తానే గట్టిగా చప్పట్లు కొట్టాడు. వెనక కుర్చీల్లో కొత్తగా చేరిన పిల్లలు ఉన్నారు. బూట్లు మెరుస్తున్నాయి, టైలు ఇంకా మెడకు అలవాటు కాలేదు. భోజనాల సమయంలో వాళ్లంతా విజయ్‌కుమార్ చుట్టూ మూగారు. వాళ్లలో ఒకమ్మాయి, యమున అట, చేతిలో పెన్ను పట్టుకుని మరీ అడిగింది.

"సార్, ఓంప్రకాశ్ సార్ అంత తొందరగ ఎవరి మందూ రాయరంట కదా. మీరు ఏం చెప్పి ఒప్పించిండ్రు?"

విజయ్‌కుమార్ శాలువా మడత పెట్టి కుర్చీ మీద వేశాడు. ఆ అమ్మాయి నిజంగానే నేర్చుకోవాలని అడుగుతోంది. ముఖంలో వెటకారం లేదు.

"ఏం లేదమ్మా" అన్నాడు. "మన మందు మంచిది."

ఆమె దాన్ని రాసుకుంది.